మాటలతో తెల్లారి మాటలతోనే పొద్దుపోయిన రేడియో: 1978 నవంబరు, బ్రిటన్

బీబీసీ రేడియో 4 పాత కార్యక్రమాల పట్టిక ఒకటి మీ కంటపడింది. పొద్దున్నే ఆరింటి నుంచి అర్ధరాత్రి దాటేదాకా పాటల ఊసే లేదు, అంతా మాటలే. ఇంటింటికీ టీవీ వచ్చేశాక కూడా ఇదంతా ఎవరు విన్నారు, ఆ స్టేషన్లో ఒక రోజు ఎలా గడిచేది అని అడిగారు. నేను ఆకాశవాణి డ్యూటీ రూములో చాలా ఏళ్లు పనిచేసినవాణ్ణి. క్యూ షీట్లు (ఏది ఎప్పుడు వేయాలో రాసిన కాగితాలు), టేపు స్పూళ్లు, ఖాళీ నింపే ఫిల్లర్ల మధ్య బతికినవాడికి ఇలాంటి పట్టిక కనిపిస్తే నోరు ఊరుకోదు. కాస్త పొడుగ్గానే చెబుతాను.

ముందు ఒక్క మాటలో జవాబు: రోజంతా ఎవరూ వినలేదు. వినాలని ఆ స్టేషన్ వాళ్లూ ఆశపడలేదు. ఏ గంటకి ఎవరి చేతులు ఏ పనిలో ఉంటాయో చూసి, ఆ పని చెడకుండా చెవిలో పడే మాటలు ఆ గంటలో పెట్టారు. పట్టికని ఆ లెక్కన చదివితే అందులో చాలా భాగం అర్థమైపోతుంది.

ఇంకో సంగతి కూడా ముందే చెప్పేస్తే మంచిది. మన ఇళ్లలో షార్ట్ వేవ్ మీద గరగరల మధ్య విన్న బీబీసీ వేరు. అది లండన్ బుష్ హౌస్ నుంచి బయటి దేశాల కోసం వచ్చిన వరల్డ్ సర్వీస్. రేడియో 4 బ్రిటన్ వాళ్ల ఇంటి స్టేషన్. 1939లో యుద్ధం ముంచుకొచ్చిన వేళ మొదలైన హోమ్ సర్వీస్‌కి 1967 సెప్టెంబరు 30న ఈ పేరు పెట్టారు. దాన్ని మన ఊళ్లలో విన్నవాళ్లు దాదాపు లేరు.

ఏ రోజు తీసుకుందాం? నన్నడిగితే 1978 నవంబరు 23, గురువారం. ఆ రోజు బ్రిటన్‌లో రేడియో సెట్ల మీద ముల్లు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారింది. యూరప్ దేశాలన్నీ మీడియం వేవ్ మీద ఒకరి స్టేషన్ మీద ఒకరు పడి కొట్టుకుంటుంటే, 1975లో జెనీవాలో కూర్చుని కొత్త పంపకం చేసుకున్నారు. అది అమల్లోకి వచ్చిన రోజు ఇదే. బీబీసీ ఆ అదనులో రేడియో 1 నుంచి 4 దాకా తన నాలుగు స్టేషన్లకీ చోట్లు మార్చేసింది. డయల్ మీద ఆ చోట్లని తరంగం పొడవుతో, మీటర్లలో చెప్పేవాళ్లు. రేడియో 1 ఉన్న 247 మీటర్లు రేడియో 3కి పోయాయి, రేడియో 1 వెళ్లి 275, 285 మీద కూర్చుంది. రేడియో 2 చేతిలో ఉన్న 1500 మీటర్ల లాంగ్ వేవ్ రేడియో 4 చేతికొచ్చింది. కొత్త చోట్లు గుర్తుండడానికి సెట్టు డయల్ మీద అంటించుకునే చిన్న స్టిక్కర్లు అచ్చేసి పంచారు. రోజూ వాడే స్టేషన్ తెల్లారేసరికి కనిపించకపోతే వయసు మళ్లినవాళ్లు ఎంత కంగారు పడతారో డ్యూటీ రూములో ఫోనెత్తిన ఎవరికైనా తెలుసు.

అంతకుముందు రేడియో 4 మీడియం వేవ్ మీద ప్రాంతానికో చోట ఉండేది. స్కాట్లండ్, వేల్స్ మధ్యమధ్యలో దాన్ని తెంచుకుని తమ కార్యక్రమాలు వేసుకునేవి. 1978 నవంబరులోనే ఆ రెండిటికీ రేడియో స్కాట్లండ్, రేడియో వేల్స్ అని విడి స్టేషన్లు వచ్చాయి. మిగిలినదాన్ని 'రేడియో 4 యూకే' అనడం మొదలుపెట్టారు. లాంగ్ వేవ్ సుగుణం ఏమిటంటే అది నేలని పట్టుకుని చాలా దూరం పోతుంది. బర్మింగ్‌హామ్‌కి నైరుతిలో డ్రాయిట్‌విచ్ అనే ఊరి దగ్గర 1934 నుంచి నిలబడ్డ ట్రాన్స్‌మిటర్ ఒక్కటే ఇంగ్లండ్, వేల్స్‌లలో చాలా భాగానికి సరిపోయేది, చుట్టూ సముద్రం మీద కూడా వినపడేది. స్కాట్లండ్ కోసం వెస్టర్‌గ్లెన్, బర్గ్‌హెడ్‌లలో కొత్తవి తోడయ్యాయి. ఈ సముద్రం సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఇక రోజులోకి వద్దాం. ఆ పొద్దున్నే కొత్తగా వినిపించింది ఒక వాద్య సంగీతం. ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, ఐర్లండ్ పాత బాణీలన్నీ కలిపి ఫ్రిట్జ్ స్పీగల్ అనే సంగీతకారుడు కూర్చినది. పేరు 'యూకే థీమ్'. అప్పటి నుంచి 2006 దాకా రోజూ దాంతోనే స్టేషన్ తెల్లారింది. ఆ ఏడాది తీసేస్తామన్నప్పుడు జనం సంతకాలు సేకరించారు, పార్లమెంటులో కూడా మాట లేచింది. అయినా తీసేశారు.

ఆరు దాటగానే వ్యవసాయం. పాలు పితికేవాడు ఆ వేళకే లేస్తాడు కదా, మన 'పాడిపంటలు' లాంటి కార్యక్రమం అప్పుడే. తర్వాత 'టుడే'. 1957 అక్టోబరు 28న మొదలైనప్పుడు అది తీరిక కబుర్ల కార్యక్రమం. 1970లు వచ్చేసరికి దేశం తెల్లారి లేచాక మొదట వినేది అదే అయింది. జాన్ టింప్సన్, బ్రయన్ రెడ్‌హెడ్ జంట గొంతులు ఆ కాలానివి. 1977లో అప్పటి కంట్రోలర్, అంటే స్టేషన్ అధిపతి, దాన్ని రెండు ముక్కలు చేసి మధ్యలో వేరే తేలిక కార్యక్రమం దూర్చాడు. విన్నవాళ్లూ తిట్టారు, చేసేవాళ్లూ తిట్టారు. ఏడాది తిరిగేసరికి మళ్లీ అతికించక తప్పలేదు. మా అనుభవం కూడా ఇదే: పొద్దుటి కార్యక్రమం మీద చెయ్యి వేసిన అధికారి ఎవరూ సుఖపడలేదు. గడ్డం గీసుకునేటప్పుడు ఏ గొంతు వినపడాలో, చెప్పులేసుకునేటప్పుడు ఏది వినపడాలో జనానికి అలవాటైపోయి ఉంటుంది. అక్కడ రేడియో గోడగడియారం పని కూడా చేస్తుంది.

టీవీ మాట అడిగారు. 1978 బ్రిటన్‌లో ఉన్నవి మూడే చానెళ్లు: బీబీసీ 1, బీబీసీ 2, ఐటీవీ. పొద్దుటి టీవీ 1983 జనవరి దాకా లేనే లేదు. పగలు చాలాసేపు బడి పాఠాలో, ఖాళీ తెరో. అంటే సాయంత్రం దాకా రేడియోకి టీవీతో పోటీయే లేదు. మాటల రేడియోకి అసలు పోటీ 1973 అక్టోబరులో లండన్‌లో పెట్టిన ఎల్‌బీసీ అనే వ్యాపార స్టేషన్ నుంచి వచ్చింది. అది ఆ ఒక్క నగరం వరకే.

తొమ్మిది తర్వాత ఇంటి బయటికి పోయేవాళ్లు పోయాక గొంతు నెమ్మదించేది. మాటామంతీ, చిన్న కథ, పదిన్నర ప్రాంతంలో ప్రార్థన. ఈ 'డైలీ సర్వీస్' 1928 జనవరి 2న మొదలై నేటికీ నడుస్తోంది. మధ్యాహ్నం పన్నెండుకి వినియోగదారుల సంగతులు చెప్పే 'యూ అండ్ యువర్స్', ఒంటిగంటకి వార్తల 'వరల్డ్ ఎట్ వన్'. రెండింటికి 'ఉమన్స్ అవర్'. ఇది యుద్ధం అయిన మరుసటేడు, 1946 అక్టోబరులో పుట్టింది. మొదటి రోజు దాన్ని నడిపింది ఒక మగవాడు, అలన్ ఐవిమీ. ఆడవాళ్ల కార్యక్రమానికి మగ గొంతు ఏమిటని ఉత్తరాలు రాకుండా ఉంటాయా, కొన్నాళ్లకే మారింది. 1978 నాటికి స్యూ మక్‌గ్రెగర్ గొంతు దానికి గుర్తు. రెండు గంటల వేళ ఊరికే పెట్టింది కాదు. అంట్లు తోమడం అయిపోయి, పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా టైమున్న గంట అది. 1991లో పొద్దుటికి మార్చినప్పుడు పెద్ద గొడవే అయింది. అప్పటికి ఆ ఆడవాళ్లలో చాలామంది రెండింటికి ఆఫీసుల్లో ఉన్నారన్నది నిజమే. గొడవ చేసినవాళ్లకి ఆ నిజం చేరడానికి టైము పట్టింది.

మధ్యాహ్నం నాటకం. దీన్ని తేలిగ్గా తీసేసే మిత్రులున్నారు గానీ, వారంలో దాదాపు రోజూ ఒక కొత్త నాటకం చేయించడమంటే ఎంతమంది రచయితలకి, నటులకి అన్నం పెట్టినట్టో ఆలోచించండి. అన్నీ బాగుండేవని నేను అనను. దక్షిణ ఇంగ్లండ్ మధ్యతరగతి డ్రాయింగ్ రూము దాటి బయటికి రానివి చాలానే. ఆ ఏడాది ఈ నాటకాల వేళకి ఇంకో అడ్డు కూడా వచ్చింది. 1978 ఏప్రిల్ 3 నుంచి పార్లమెంటు గొంతుల్ని రేడియోలో వినిపించడం శాశ్వతం చేశారు. మంగళ, గురువారాల మధ్యాహ్నం ప్రధాని కలాహన్‌ని సభ్యులు ప్రశ్నలడిగే పావుగంటని లైవ్‌గా ఇవ్వడం మొదలుపెట్టారు. మర్యాదస్తుల సభ అనుకున్నది సంతలా వినపడేసరికి శ్రోతలు నిర్ఘాంతపోయారు. మైకుకి మాట కన్నా గోలే ముందు దొరుకుతుంది. సభలో కూర్చున్నవాడి చెవి గోలని వెనక్కి నెట్టి మాటని పట్టుకుంటుంది, మైకుకి ఆ తెలివి లేదు.

అయిదింటికి 'పీఎం' వార్తలు, ఆరింటికి మళ్లీ వార్తలు, ఆరున్నరకి హాస్యమో క్విజ్జో. ఏడు దాటి అయిదు నిమిషాలకి 'ది ఆర్చర్స్' అనే ధారావాహిక నాటకం.

దీని దగ్గర కాసేపు ఆగాలి. యుద్ధం అయిపోయినా బ్రిటన్‌లో తిండికి కటకట పోలేదు. రేషన్ 1954 దాకా ఉంది. రైతుల చేత కొత్త పద్ధతుల్లో సాగు చేయించాలని ప్రభుత్వానికి ఆరాటం. ఉపన్యాసాలు పెడితే రైతు సెట్టు కట్టేస్తాడు. గాడ్‌ఫ్రీ బేస్లీ అనే ప్రొడ్యూసర్ వ్యవసాయ శాఖ సలహాలు తీసుకుంటూ, వాటిని ఒక రైతు కుటుంబం కథలో కలిపేశాడు. 1950లో బర్మింగ్‌హామ్ ప్రాంతంలో వారం రోజులు వేసి చూసి, 1951 జనవరి 1 నుంచి దేశమంతటా మొదలుపెట్టారు. కథ నడిచే ఆంబ్రిడ్జ్ అనే ఊరు నిజంగా లేదు, బోర్సెట్‌షైర్ అనే జిల్లా లేదు. అయినా వాటి మ్యాపు గీసి చూపించగల శ్రోతలు వేలల్లో ఉంటారు. 1955 సెప్టెంబరు 22న, ఐటీవీ మొదలైన రాత్రే, గ్రేస్ ఆర్చర్ అనే కొత్త కోడల్ని గుర్రాల కొట్టం తగలబడిన ప్రమాదంలో చంపేశారు. మర్నాడు పేపర్లు కొత్త టీవీ చానెల్ గురించి రాయాల్సిన చోట గ్రేస్ గురించి రాశాయి.

1978లో దాన్ని బర్మింగ్‌హామ్‌లోని పెబుల్ మిల్ స్టూడియోలో చేసేవాళ్లు. ఒక దృశ్యం ఎలా తయారవుతుందో చూడండి. ఇద్దరు నటులు మైకు ముందు కాగితాలు పట్టుకుని నిలబడతారు. పక్కనే ఒక మనిషి ఉంటాడు, అతనికి మాటలు లేవు. పొలం గేటు తెరవాలంటే అతను బట్టలు ఇస్త్రీ చేసుకునే ఇనప బల్లని కిర్రుమనిపిస్తాడు. గడ్డిలో నడవాలంటే పనికిరాని పాత రికార్డింగ్ టేపు కుప్పగా పోసి దానిమీద కాళ్లతో తొక్కుతాడు. ఆరుబయట మాట్లాడుతున్నట్టు రావాలంటే నటులు గోడలు గొంతుని తిప్పికొట్టని గదిలోకి పోవాలి. ఎందుకంటే మామూలు గదిలో ఎంత 'పొలం' అన్నా చెవి నమ్మదు. పదిహేను నిమిషాల కార్యక్రమంలో విన్నవాడికి గుర్తుండేది మనుషుల గొడవే. మధ్యలో గొర్రెల రోగం గురించి నాలుగు ముక్కలు ఎప్పుడు చెవిలో పడ్డాయో అతనికే తెలియదు. వ్యవసాయ శాఖ 1972లో పక్కకి తప్పుకుంది గానీ ఆ పద్ధతి ఉండిపోయింది. ఈ పావుగంటనే మర్నాడు భోజనం వేళ మళ్లీ వేసేవాళ్లు. ఆదివారం వారం మొత్తాన్ని కలిపి ఒకేసారి. తప్పిపోయినవాడికి తప్పిపోయానన్న బాధ లేకుండా చేసే ఈ ఏర్పాటు మన దగ్గర ఎప్పుడూ సరిగ్గా కుదరలేదని నాకు అసూయ.

రాత్రి భాగం త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఆ వేళకి జనం టీవీ ముందు ఉన్నారు. కళల గురించి 'కెలైడోస్కోప్', పదింటికి 'వరల్డ్ టునైట్', పదకొండుకి నిద్రకి ముందు ఒక నవల నుంచి పావుగంట చదవడం, పదకొండున్నరకి పార్లమెంటు సమీక్ష, అర్ధరాత్రి వార్తలు. చివర్న ఓడల కోసం వాతావరణ సూచన.

సముద్రం సంగతి గుర్తుంచుకోమన్నది దీని కోసమే. ఆ రోజుల్లో ఈ 'షిప్పింగ్ ఫోర్‌కాస్ట్' లాంగ్ వేవ్ మీద రావాల్సిందే, లేకపోతే నడిసముద్రంలో చేపల పడవకి చేరేది కాదు. లాంగ్ వేవ్ రేడియో 2 దగ్గరున్నన్నాళ్లూ పాటల మధ్య దీన్ని ఇరికించేవాళ్లు. 1978 నవంబరు 23న లాంగ్ వేవ్‌తో పాటు ఇదీ రేడియో 4కి వచ్చింది. అర్ధరాత్రి దాటి పావుగంటకి, పొద్దున ఆరుంపావు దాటాక, మధ్యాహ్నం రెండుకి ముందు, సాయంత్రం ఆరుకి ముందు. రోజుకి నాలుగు సార్లు.

దీని కట్టుబాటు చూస్తే వార్తలు రాసేవాడికి కళ్లు తిరుగుతాయి. బ్రిటన్ చుట్టూ ఉన్న సముద్రాన్ని గళ్లుగా విడదీసి ఒక్కోదానికీ పేరు పెట్టారు. వైకింగ్‌తో మొదలుపెట్టి గడియారం ముల్లు తిరిగే దిక్కున చదువుకుంటూ పోవాలి: వైకింగ్, ఫోర్టీస్, క్రొమార్టీ, ఫోర్త్, టైన్, డాగర్, ఫిషర్, జర్మన్ బైట్, ఇలా ఆగ్నేయ ఐస్‌లండ్ దాకా. ముందు తుపాను హెచ్చరికలు, తర్వాత మొత్తం పరిస్థితి, తర్వాత గళ్లు. ఇప్పటి నియమం ప్రకారం అంతా కలిపి దాదాపు 350 మాటల్లో ముగించాలి. అందుకే క్రియలు ఉండవు. తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటుంది: "హంబర్, థేమ్స్. నైరుతి నాలుగు లేదా అయిదు, త్వరలో ఆరు. వాన. మధ్యస్థం." మొదటిది గాలి దిక్కు, అంకెలు గాలి జోరు, ఆఖరి మాట చూపు ఎంత దూరం ఆనుతుందో. అందులో 'త్వరలో' అంటే అనౌన్సరు ఇష్టం వచ్చిన త్వరలో కాదు, ఆరు నుంచి పన్నెండు గంటల్లోపు. 'తర్వాత' అంటే పన్నెండు గంటలు దాటాక. 'మధ్యస్థం' అంటే రెండు నుంచి అయిదు నాటికల్ మైళ్లు. ప్రతి మాటా కొలత వేసినదే. పడవలో ఉన్నవాడు పెన్సిలు పట్టుకుని రాసుకోవాలి కాబట్టి చదివేవాడు వేగం పెంచకూడదు, తడబడకూడదు, మధ్యలో దగ్గకూడదు. మచిలీపట్నం రేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక అని చదివేటప్పుడు మా గొంతులూ అలాగే బిగుసుకునేవి.

చిత్రమేమిటంటే దీన్ని చెవులు కోసుకుని విన్నవాళ్లలో ఎక్కువమంది జన్మలో పడవెక్కనివాళ్లు. వెచ్చగా దుప్పట్లో పడుకుని, ఎక్కడో రాకాల్ దగ్గర గాలి తొమ్మిది అని వింటే వాళ్లకి హాయిగా నిద్ర పట్టేదట. పైగా ఒక గడి పేరు మారిస్తే ఊరుకోరు. 2002లో ఫినిస్టెర్ పేరు తీసేసి, వాతావరణ శాఖ మొదటి అధిపతి రాబర్ట్ ఫిట్జ్‌రాయ్ పేరు పెడితే పత్రికలకి ఉత్తరాలు వెల్లువెత్తాయి.

ఇప్పుడు పట్టికలో కనిపించని పని గురించి. నాకు దీని మీదే మక్కువ ఎక్కువ. ఒక కార్యక్రమం పావుగంట అని వేస్తారు, స్పూలు చూస్తే పద్నాలుగు నిమిషాల ఇరవై సెకన్లు ఉంటుంది. మిగిలిన నలభై సెకన్లు కంటిన్యుటీ అనౌన్సరువి. తర్వాత ఏముందో చెప్పాలి, రేపటిదాన్ని కాస్త ఊరించాలి, సరిగ్గా గంటకి ముందు నోరు మూసుకోవాలి. ఎందుకంటే గంటకి గ్రీనిచ్ పిప్పులు వస్తాయి. 1924 ఫిబ్రవరి 5 నుంచి వస్తున్న, టైము తెలిపే ఆరు కూతలు. 1972 నుంచి ఆఖరిది పొడుగు, అది మొదలైన క్షణమే గంట. ఆ కూతల మీద మాట పడితే అక్కడ పెద్ద తప్పు కిందే లెక్క. మా దగ్గర వాయులీనమో వేణువో ఫిల్లర్ వేసి ఫేడర్ (ధ్వని పెంచే, తగ్గించే మీట) దించేస్తే ఎవరూ అడిగేవారు కాదు. పైగా మాకు మొదటి ప్రసారం, రెండో ప్రసారం, మూడో ప్రసారం అని మధ్యలో విరామాలుండేవి. వాళ్లకి పొద్దుటి నుంచి అర్ధరాత్రి దాకా ఒకటే పరుగు, ఫిల్లర్‌గా పనికొచ్చేది తమ గొంతే.

టేపు సంగతి కూడా అంతే. మాటల రికార్డింగులు సెకనుకి ఏడున్నర అంగుళాల వేగంతో, అంటే పంతొమ్మిది సెంటీమీటర్లు. ఎవరైనా అర సెకను "ఊఁ" అని నసిగితే అది టేపు మీద దాదాపు జానెడులో సగం. పసుపు పెన్సిలుతో గీత పెట్టి, బ్లేడుతో ఏటవాలుగా కోసి, అతుకు టేపు వేసి అతికిస్తారు. నసుగుడు తీయొచ్చు గానీ దాని పక్కన ఉన్న ఊపిరిని మాత్రం ఉంచాలి. ఊపిరి కూడా కోసేస్తే మనిషి యంత్రంలా వినపడతాడు. ఆ రోజు మీరు చూసిన పట్టికలో ఉన్న రికార్డయిన కార్యక్రమాలన్నీ ఇలా బ్లేడు కింద నుంచి వచ్చినవే. వాటిలో చాలావాటి టేపుల్ని తర్వాత చెరిపేసి మళ్లీ వాడుకున్నారు, టేపు ఖరీదు అలాంటిది. కాబట్టి వినాలనుకున్నా చాలా రోజులవి ఇప్పుడు దొరకవు.

పట్టిక చదివేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఆ రోజుల్లో లాంగ్ వేవ్ మీద ఒకటి, వీహెచ్‌ఎఫ్ (ఇప్పుడు ఎఫ్‌ఎం అంటున్నది) మీద ఇంకొకటి నడిచే గంటలున్నాయి. బడి పాఠాలు వీహెచ్‌ఎఫ్ మీదే వచ్చేవి, అందుకే ఒకే టైముకి రెండు కార్యక్రమాలు కనిపిస్తే అచ్చుతప్పు అనుకోకండి. ఇక ఈ పట్టికలు వేసే 'రేడియో టైమ్స్' పత్రిక వారం ముందే అచ్చవుతుంది. ఆ గురువారం పట్టికలో ఉన్నవి వేద్దామనుకున్నవి. నిజంగా ఏం వేశారో తెలియాలంటే స్టేషన్లో ఆ రోజు చేత్తో దిద్దిన ప్రసార పత్రాలు చూడాలి.